రోల్‌ప్లేయింగ్ గేమ్‌లో మంచి చేసినవాళ్లకి ఎండింగ్ ఎలా రాయాలి

రోల్‌ప్లేయింగ్ గేమ్ అంటే ఒకరు కథ నడుపుతుంటే మిగతావాళ్లు తలో పాత్ర వేసి, ఆ పాత్ర ఏం చేస్తుందో చెప్తూ ఆడే ఆట. అది నడిపేవాళ్లందరికీ చివర్లో ఒకటే పేచీ వస్తుంది. ప్లేయర్ ఆట మొత్తం మంచిగా ఆడాడు, దొంగతనం చెయ్యలేదు, అబద్ధం ఆడలేదు, చేతిలో ఉన్న ఒక్క మందు సీసా తను తాగకుండా ఎవరో ముసలావిడకి ఇచ్చేశాడు, మరి ఇప్పుడు వాడికి ఏం ఇవ్వాలి? రాజ్యం ఇచ్చి పెళ్లి చేసెయ్యాలా, లేకపోతే "లోకం ఇంతేరా" అని ఏడిపించి ఇంటికి పంపాలా?

నేను సెలవల్లో మావాళ్లని బల్ల చుట్టూ కూర్చోబెట్టి ఇలాంటి ఆటలు నడుపుతుంటాను, కథలన్నీ మా కోనసీమలోనే జరుగుతాయి, కాలవలు, లంకలు, రేవులు, ఏటిగట్లు, ఇదే మా మ్యాపు. అందుకని ఇక్కడ చెప్పేవన్నీ మా బల్ల దగ్గర పనిచేసిన పద్ధతులు. ట్వైన్, ఆర్‌పీజీ మేకర్ లాంటి గేమ్ తయారుచేసే సాఫ్ట్‌వేర్‌లో సొంతంగా గేమ్ చేసుకునేవాళ్లకి కూడా ఇవే పనికొస్తాయి, కాకపోతే మేం నోటితో చెప్పేది మీరు టైప్ చెయ్యాలి అంతే.

ముందు నా మాట చెప్పేస్తా. ఎండింగ్ తృప్తిగా ఉండాల్సిందే, అందులో రాజీ లేదు. కానీ ఆ తృప్తిని మంచితనానికి కూలి డబ్బుల్లా లెక్కపెట్టి ఇవ్వకూడదు. ప్లేయర్ చేసిన పని ఆ ఊళ్లో ఎవరికి తగిలింది, ఎవరికి గుర్తుంది, దానివల్ల ఏం మారింది, ఏం మారలేదు, ఇది వాడి కళ్లకి కనపడాలి. కనపడితే ఏడుపు ఎండింగ్ అయినా మనసు నిండి లేస్తారు, కనపడకపోతే కిరీటం పెట్టినా "ఏదో వెలితిగా ఉందండి" అంటారు.

ముందు పాయింట్లు తీసెయ్యండి

మంచికి ఇన్ని, చెడుకి ఇన్ని అని కాగితం మీద మీటర్ గీశారంటే ఇంక ప్లేయర్ ఊరి గురించి ఆలోచించడు, మీటర్ గురించే ఆలోచిస్తాడు. 2007లో వచ్చిన బయోషాక్ అనే వీడియో గేమ్ చూడండి, గొప్ప గేమ్, నాకు చాలా ఇష్టం కూడా. అందులో చిన్న పిల్లలు ఉంటారు, వాళ్లని చంపి ఒంట్లో ఉన్న ఆడమ్ అనే సరుకు లాక్కుంటే ఒక్కో పిల్ల దగ్గర నీకు 160 వస్తుంది, బతికించి వదిలేస్తే 80 వస్తుంది. అబ్బ, ఎంత కష్టమైన చాయిస్ అనిపిస్తుంది కదా. కానీ ముగ్గుర్ని బతికించినప్పుడల్లా గిఫ్టుగా ఇంకో 200 వస్తుంది. లెక్కెయ్యండి, ముగ్గుర్ని చంపితే 480, ముగ్గుర్ని బతికిస్తే 440, పైగా ఆ గిఫ్టులో వేరే సామాన్లు కూడా ఉంటాయి. త్యాగం చెయ్యమని అడిగి, ఆ త్యాగం ఖరీదు వెనక గుమ్మంలోంచి తెచ్చి చేతిలో పెట్టేశారన్నమాట. అది తెలిశాక ఆ పిల్ల మొహం చూసి ఎవరు ఆలోచిస్తారు చెప్పండి.

దీనికన్నా చాలా ముందే, 1985లో, రిచర్డ్ గారియట్ చేసిన అల్టిమా 4లో దీనికి మంచి దారి చూపించారు. అందులో మంత్రాల దినుసులు అమ్మే ఒక గుడ్డి ఆవిడ ఉంటుంది, సరుకు తీసుకున్నాక ఎంత ఇస్తున్నావో నువ్వే టైప్ చెయ్యాలి, ఆవిడకి కనపడదు, తక్కువిచ్చి వచ్చెయ్యొచ్చు. అప్పటికప్పుడు స్క్రీన్ మీద ఎర్ర అక్షరాలేం రావు, ఏమీ అవ్వదు. గేమ్ మాత్రం లోపల రాసుకుంటుంది. నిజాయితీలో నువ్వెక్కడున్నావో తెలుసుకోవాలంటే కోటకెళ్లి అక్కడుండే జ్ఞానిని అడగాలి. ఎవరూ చూడని చోట మనిషి ఏం చేస్తాడు అనేదే అసలు పరీక్ష, ఆ గేమ్ అది పట్టుకుంది.

అందుకని మీరు మీటర్ మానేసి ఒక నోట్‌బుక్ పెట్టుకోండి, ప్లేయర్లకి చూపించకండి. ప్రతి సెషన్ అయ్యాక మూడు సంగతులు రాసుకోండి: ఎవరికి చేశాడు, ఏం చేశాడు, ఎవరు చూశారు. మొదటి రెండూ అందరూ రాస్తారు, మూడోదే ముఖ్యం. ఎందుకంటే ఎండింగ్‌లో ఆ పని గురించి మాట్లాడేది ఆ చూసినవాళ్లే. ఎవరూ చూడకపోతే "ఎవరూ చూడలేదు" అని రాసుకోండి, అది ఇంకా విలువైన నోటు, దాన్ని ఎలా వాడాలో కింద చెప్తా.

చాయిస్ ఖరీదు ముందే చెప్పండి

కొంతమంది గేమ్ నడిపేవాళ్లకి ఒక సరదా ఉంటుంది, ప్లేయర్ మంచి అనుకుని ఏదో చేస్తాడు, తర్వాత సెషన్‌లో "చూశావా, నువ్వు వదిలేసిన ఆ మనిషే హంతకుడు" అంటారు. ఇది చెయ్యకండి. ఒకసారి చేశారంటే ఆ ప్లేయర్ ఇంకెప్పుడూ ఎవర్నీ నమ్మడు, ప్రతి బిచ్చగాడినీ కత్తి పట్టుకునే పలకరిస్తాడు, మీ కథలో మంచికి చోటే ఉండదు.

మేం ఆడిన ఒక ఆట కాస్త వివరంగా చెప్తా. దాళ్వా, అంటే రెండో పంట, ఫిబ్రవరి ఆఖరు, కాలవలో నీళ్లు తక్కువ, వంతులవారీగా వదులుతున్నారు. మా బావ లస్కరు పాత్ర, తూము షట్టర్ల తాళాలు వాడి దగ్గరే ఉంటాయి. కాలవ చివర్న ఉండే శివారు చేలన్నీ పొట్ట దశలో ఉన్నాయి, ఇప్పుడు ఒక్క తడి అందకపోతే అంతా తాలే. కానీ వంతు శివారుది కాదు, ఎగువ వాళ్లది. ఎగువన ఒక కౌలు రైతు ఉన్నాడు, ఊడ్పులు ఆలస్యమయ్యాయి, ఆయన చేనుకీ ఇప్పుడే నీళ్లు కావాలి. మొదటి సెషన్‌లో ఈ లస్కరుకి గట్టు మీద కూర్చోబెట్టి అన్నం పెట్టింది కూడా ఆ కౌలు రైతే, ఆవకాయ, మజ్జిగ, ఒక అరటిపండు. ఆ సీను నేను కావాలనే ముందు పెట్టాను. నష్టపోయే మనిషి చేతి అన్నం తిన్నాక ఆ నష్టం అంకెల్లో ఉండదు కదా.

రాత్రి ఎగువ తూము షట్టర్లు దించేస్తే నీళ్లు నేరుగా శివారుకి పోతాయి. బావ అడిగాడు, "రెండు రాత్రులు దించితే సరిపోద్దా?" శివారుకి సరిపోతుంది, కౌలు రైతు చేను మాత్రం మళ్లీ వంతు వచ్చేలోపు నెర్రెలు తీస్తుంది, పంట సగమే చేతికొస్తుంది అని నేను అరటిపండు ఒలిచినట్టు చెప్పేశాను. దాచలేదు. "ఆయనకి తెలుస్తుందా?" అన్నాడు. పొద్దున్న షట్టరు పళ్లచక్రానికి కొత్త గ్రీజు చూస్తే తెలుస్తుంది, తాళం నీ దగ్గరే కదా ఉండేది అన్నాను. ఎగువ ఊరి టీచర్ పాత్ర వేసిన మా మేనకోడలు ఒకటే గొడవ, "నీ బాధ్యత వంతు ప్రకారం వదలడం, ధర్మం చెయ్యడం కాదు" అని. అరగంట పైన వాదించుకున్నారు, నేను ఒక్కసారి కూడా మధ్యలో దూరలేదు. చివరికి బావ షట్టర్లు దించాడు.

ఇప్పుడు ఎండింగ్. చేతికి ముందు దొరికే ఎండింగులు రెండుంటాయి, రెండూ వదిలెయ్యండి. ఒకటి, శివారు ఊళ్ల వాళ్లందరూ వచ్చి లస్కరు మెళ్లో దండ వేసి ఊరేగించడం. ఇంకోటి, పైఅధికారి వచ్చి ఉద్యోగం ఊడగొట్టడం, "మంచికి రోజులు కావు" అన్న టైపు. రెండోది చాలామందికి గొప్ప రియలిజం లాగా అనిపిస్తుంది, నాకు మాత్రం మొదటి దానంత బద్ధకంగానే అనిపిస్తుంది. దండైనా దండనైనా బయటనుంచి వచ్చి పడేదే, బావ చేసిన పనికి లోపల్నుంచి పుట్టింది కాదు.

మేం చేసింది ఇది. కోతలయ్యాయి, శివారులో కుప్పలు పడ్డాయి. శివారు రైతులు కలిసి 75 కిలోల ధాన్యం బస్తా ఒకటి లస్కరు ఇంటికి పంపారు. ఎవరూ ఏం చెప్పలేదు, బస్తా అరుగు మీద దించి వెళ్లిపోయారు. "ఇప్పుడీ బస్తా ఏం చేస్తావ్?" అన్నాను. బావ చాలాసేపు ఆలోచించి సైకిల్ మీద వేసుకుని ఎగువకి, ఆ కౌలు రైతు ఇంటికి తీసుకెళ్తానన్నాడు. తీసుకెళ్లాడు. నేను కౌలు రైతుగా బయటికొచ్చి బస్తా చూసి, "మీ పిల్లలకి వండి పెట్టు బాబూ, నా చేను సంగతి నేను చూసుకుంటాలే" అని లోపలికెళ్లిపోయాను. తిట్టలేదు, క్షమించానని కూడా అనలేదు. మా బావ ఇప్పటికీ ఆ ఆట గురించే చెప్తాడు. వాడికి ఏ బహుమానం రాలేదు, కానీ వాడు చేసిన పని రెండు వైపులా మొత్తం కనపడింది.

ఇందులో మీరు తీసుకోవాల్సింది ఏంటంటే, ఎండింగ్‌లో కూడా ఒక చాయిస్ పెట్టండి. అంతా అయిపోయింది ఇంక నేను చదువుతా మీరు వినండి అనకుండా, ఆఖరి సీనులో ఒక చిన్న వస్తువు వాళ్ల చేతిలో పెట్టి ఏం చేస్తావని అడగండి.

ఇది కొత్తగా కనిపెట్టిందేం కాదు. భారతం చివర్న ధర్మరాజు కథ చూడండి, మన రాజమహేంద్రవరంలో నన్నయ మొదలుపెట్టిన తెలుగు భారతానికి ఆ ముగింపు రాసింది తిక్కన. స్వర్గం గుమ్మం దాకా వెళ్లాక కుక్కని వదిలేసి రమ్మంటారు, రానంటాడు. అదయ్యి లోపలికెళ్తే దుర్యోధనుడు దర్జాగా కూర్చుని ఉంటాడు, తమ్ముళ్లు కనపడరు. వాళ్లు నరకంలో ఉన్నారని తెలిసి నేనూ ఇక్కడే ఉంటానంటాడు. అశ్వత్థామ విషయంలో ఆడిన ఒక్క అబద్ధానికి ఆ నరకదర్శనం. అంటే ఆఖరి పేజీ దాకా చాయిస్‌లు పెడుతూనే ఉన్నారు, పాత లెక్క ఒక్కటీ మర్చిపోలేదు, మంచివాడు కదా అని ఆ ఒక్కటీ కొట్టెయ్యలేదు. ఎండింగ్ రాసేవాడు ఇంతకన్నా నేర్చుకోవాల్సింది ఏముంది.

హరిశ్చంద్ర నాటకం కూడా అంతే. చివర్న దేవతలు వచ్చి రాజ్యం, భార్య, కొడుకు అన్నీ తిరిగి ఇచ్చేస్తారు, అయినా జనం అడిగి మరీ వేయించుకునేది కాటి సీను. ఒక్క కాటి సీను మాత్రమే వేసే ప్రదర్శనలు ఉన్నాయి, దేవతలొచ్చే సీను ఒక్కటే వెయ్యమని అడిగినవాళ్లని నేను చూడలేదు. సొంత కొడుకు శవానికి కాటి సుంకం అడిగే చోట ఆ మనిషి మాట మీద నిలబడ్డం మన కళ్లతో చూస్తాం, తృప్తి అక్కడే వచ్చేస్తుంది. మీ గేమ్‌లో కూడా అలాంటి సీను ఒకటి ఎండింగ్‌కి ముందే పడాలి, దాన్ని హడావుడిగా దాటించెయ్యకండి.

వరద ఆట పెట్టేవాళ్లకి

మన వైపు గేమ్‌కి టైమ్ పెట్టడానికి వరదని మించింది లేదు. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర 10 లక్షల క్యూసెక్కులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 13 లక్షలకి రెండోది, 17 లక్షలకి మూడోది, ఇది ఇక్కడ చిన్నపిల్లలకి కూడా తెలుసు. దీన్నే ఆటలో గడియారంగా పెట్టుకోండి. ఇంజన్ పడవ ఒక్కటే ఉంది, మనుషులున్న లంకలు రెండు. మొదటి హెచ్చరిక వినగానే బయల్దేరినవాళ్లకి రెండు లంకలూ తిరిగి రావడానికి టైముంటుంది. రెండోది దాకా ఆగితే ఒక్కటే. మూడోది పడ్డాక పడవ దించాలంటే సరంగు ప్రాణం పణంగా పెట్టాలి.

ఇలా పెడితే జరిగేదేంటంటే, ప్లేయర్లు రేవులో నిలబడి డీజిల్ డబ్బులు ఎవరివి, ముందు ఏ లంక అని తగువులాడుకునే ఆ టైము కూడా చాయిస్ అయిపోతుంది. అందరూ బతికే దారి ఉంటుంది, కానీ అది తొందరగా కదిలినవాళ్లకే. నాకు ఈ పద్ధతి బాగా నచ్చుతుంది, ఎందుకంటే అందరూ బతికే ఎండింగ్ అసలు ఉండనే కూడదు అనేవాళ్లతో నేను ఒప్పుకోను. కష్టపడి సంపాదించుకోగలిగితే ఉండాలి.

దీంతోపాటే ఒకటి గట్టిగా గుర్తుపెట్టుకోండి, ప్లేయర్ న్యాయమైన ఉపాయం కనిపెడితే మీ కథ పాడైపోతుందని అడ్డం పడకండి. 2008లో వచ్చిన ఫాలౌట్ 3లో ఆఖర్న నీళ్లు శుద్ధిచేసే మెషిన్ ఆన్ చెయ్యాలంటే రేడియేషన్ నిండిన గదిలోకి ఎవరో ఒకరు వెళ్లాలి, వెళ్తే చావే. కానీ నీ పక్కనే ఫాక్స్ అని ఒక తోడు ఉండొచ్చు, వాడికి రేడియేషన్ తగలదు, అప్పటికే వాడు అలాంటి గదిలోకే వెళ్లి సామాను తెచ్చిపెట్టాడు కూడా. ఇక్కడ వెళ్లమని అడిగితే ఇది నీ విధి, నేను అడ్డు రాకూడదు అంటాడు. జనానికి ఒళ్లు మండింది. తర్వాత 2009లో బ్రోకెన్ స్టీల్ అనే అదనపు భాగంలో ఆ తోడుని పంపే వీలు పెట్టారు. ప్లేయర్ త్యాగం చెయ్యడానికి సిద్ధపడే ఉన్నాడు, వాడికి కోపం తెప్పించింది చావు కాదు, అర్థంలేని చావు. మీ ఆటలో కూడా ప్లేయర్ "పక్క ఊళ్లో మా మావయ్యకి పడవ ఉంది కదండీ, రెండో సెషన్‌లో మీరే చెప్పారు" అంటే అప్పటికప్పుడు ఆ పడవకి చిల్లు పెట్టకండి. ఉందని చెప్పారు కదా, రానివ్వండి.

ఆఖరి సెషన్ ఎలా నడపాలి

సగం సెషన్ అయినా ఎండింగ్‌కి ఉంచుకోండి. నెలల తరబడి ఆడి, ఆఖరి ఫైటు రాత్రి పదకొండింటిదాకా లాగి, "సరే మీరు గెలిచారు, ఊరు బాగుపడింది, పదండి" అని లేచిపోతే ఆ ప్లేయర్లకి చాలా అన్యాయం. పెద్ద పెద్ద కంపెనీలకే ఇది తప్పలేదు. మాస్ ఎఫెక్ట్ 3 2012 మార్చిలో వచ్చింది, మూడు గేముల పాటు జనం చేసిన చాయిస్‌లన్నీ మోసుకొచ్చి ఆఖర్న మూడు దారులు పెట్టారు, ఏది తీసుకున్నా దాదాపు అవే సీన్లు, కాంతి రంగు మాత్రం వేరు. ఎంత గొడవైందంటే అదే ఏడు జూన్‌లో ఎక్స్‌టెండెడ్ కట్ అని ఉచితంగా ఇచ్చి, తర్వాత ఎవరెవరు ఏమయ్యారో చూపించే సీన్లు కలిపారు. విషాదంగా ఉందని ఏడ్చినవాళ్లకన్నా, నేను కాపాడిన వాళ్లు ఏమయ్యారో చెప్పలేదేంటి అని మండిపడ్డవాళ్లే నాకు ఎక్కువ కనపడ్డారు. నాకు వాళ్ల కోపం న్యాయమే అనిపిస్తుంది.

అందుకని ఆఖరి సెషన్‌కి ముందు నోట్‌బుక్ మొత్తం తిరగేసి, ప్రతి ప్లేయర్‌కి ఒక పెద్ద పని, ఒక చాలా చిన్న పని ఏరి పెట్టుకోండి. పెద్దది వాళ్లకి గుర్తుంటుంది, చిన్నది మర్చిపోయుంటారు. ఆ చిన్నదే చూసుకోండి. 2015లో వచ్చిన విచర్ 3లో హీరోకి కూతురులాంటి సిరి చివరికి ఏమవుతుంది అనేది చాలావరకు చిన్న చిన్న సందర్భాల మీదే తేలుతుంది, అందులో ఒకటి ఆ పిల్ల దిగులుగా ఉన్నప్పుడు ఏదో సర్దిచెప్పి ఊరుకున్నావా, లేకపోతే మంచు ముద్దలు విసురుకుంటూ ఆడావా అన్నది. లోకాన్ని కాపాడే గేమ్‌లో ఎండింగ్ వెళ్లి అలాంటి చోట ఆనుకుంది. మన ఆటలో కూడా పంటు మీద, అంటే గోదావరి దాటించే పెద్ద పడవ మీద, పక్కన కూర్చున్న పిల్లకి కొనిచ్చిన ఉప్పు శనక్కాయల పొట్లం ఎండింగ్‌లో తిరిగి రావచ్చు.

తర్వాత రాయడం. ఇక్కడే చాలామంది తీర్పులు రాస్తారు. "నీ దయ వల్ల ఆ ఊరు సుఖంగా ఉంది" అని రాస్తే ప్లేయర్‌కి చెవిలో దూరి బయటికి పోతుంది. కనపడేది రాయండి. మా వరద ఆటలో మా పిన్ని పాత్ర, లంకలోంచి ఒక ముసలావిడ గేదెని కూడా పడవెక్కించింది, దానివల్ల రెండు బస్తాల బియ్యం దించెయ్యాల్సొచ్చింది. దానికి ఎండింగ్‌లో మేం చెప్పింది ఇంతే: "దసరా వెళ్లాక ఆవిడ లంకకి తిరిగొచ్చింది. ఇల్లు లేదు, పాక వేసుకుంది. పొద్దున్నే రేవు దాటి పాలు పోస్తుంది. పునరావాస కేంద్రంలో మాత్రం నాలుగో రోజు నుంచి గంజి కాచారు." మంచీ చెడూ ఏ మాటా లేదు, పిన్నికి మాత్రం రెండూ తగిలాయి, గేదె పాలూ తగిలాయి, గంజీ తగిలింది. ఇలా ప్రతి పనికీ మూడు నాలుగు వాక్యాలు చాలు, అందులో ఒక మనిషి, ఒక వస్తువు, ఒక రోజు ఉంటే సరిపోతుంది.

ఇంక ఇందాక "ఎవరూ చూడలేదు" అని రాసుకున్నవి. వాటిని ఊళ్లోవాళ్ల నోట పలికించకండి, వాళ్లకి తెలీదు కదా. ఆ ప్లేయర్ ఒక్కరికే ఒక చీటీ రాసి చేతిలో పెట్టండి. ఎవరికీ తెలీకుండా ఎవరి అప్పో తీర్చేశాడనుకోండి, చీటీలో "ఆ ఇంట్లో ఇప్పటికీ షావుకారు మర్చిపోయాడనే అనుకుంటున్నారు" అని రాయండి చాలు. బల్ల మీద మిగతావాళ్లకి చూపించాలా వద్దా వాళ్లిష్టం. మా దగ్గర చాలామంది చూపించకుండా జేబులో పెట్టుకుంటారు.

మా లంకల గన్నవరం డొక్కా సీతమ్మ గారి గురించి ఇక్కడ అందరూ చెప్పుకునే ఒక సంగతి ఉంది. ఆవిడ 1841 నుంచి 1909 దాకా బతికారు, గోదావరి దాటి వచ్చేవాళ్లకి వేళా పాళా లేకుండా అన్నం పెట్టినావిడ. ఎన్నాళ్లనుంచో అంతర్వేది స్వామి దర్శనం చేసుకోవాలని బయల్దేరితే, దారిలో ఎవరో ఆకలితో ఉన్నవాళ్లు "ఇంకాసేపట్లో సీతమ్మ గారింటికి చేరిపోతాం, అన్నం దొరుకుతుంది" అనుకోవడం విని, వెనక్కి తిరిగి ఇంటికొచ్చేసి వండి పెట్టారంటారు. గేమ్ రాసేవాళ్లు ఇందులో చూడాల్సింది ఏంటంటే, దానికి బదులుగా దేవుడే ఇంటికి దిగొచ్చాడని కథ సాగదియ్యలేదు మనవాళ్లు. యాత్ర ఆగిపోయింది, అన్నం పెట్టారు, అక్కడితో అయిపోయింది. ఇన్నేళ్లయినా అలా చెప్తేనే గుండె తడుస్తుంది.

చెడ్డగా ఆడినవాళ్ల సంగతి

వాళ్లకీ పూర్తి ఎండింగ్ ఇవ్వాలి. పిడుగు పడి చచ్చిపోయాడు అనకండి. వరదలో తలకి ఇంతని వసూలు చేసి పడవెక్కించిన ప్లేయర్ ఉన్నాడనుకోండి, డబ్బు వాడి దగ్గరే ఉండనివ్వండి, మేడ కట్టుకోనివ్వండి. మరుసటేడు వరదొచ్చినప్పుడు వాడి పడవ దగ్గరికి వచ్చినవాళ్లు ఏమీ అడక్కుండానే చెవిదిద్దులు తీసి చేతిలో పట్టుకుని నిలబడతారు. అంతే. అండర్‌టేల్ 2015లో దీన్ని చాలా దూరం తీసుకెళ్లింది, అందర్నీ చంపుకుంటూ చివరిదాకా ఆడేశాక మళ్లీ మొదట్నుంచి మొదలెట్టి ఎవర్నీ చంపకుండా ఆడినా, ఆ మంచి ఎండింగ్‌లో పాత పని జాడ కనపడుతుంది. మనకి సేవ్ ఫైళ్లు లేవు కానీ నోట్‌బుక్ ఉంది.

"గేమ్‌లోనైనా న్యాయం జరగాలి కదండీ"

ఈ మాట నాతో చాలామంది పెద్దవాళ్లు అన్నారు, దీన్ని తేలిగ్గా తీసెయ్యలేను. 2011 సార్వాకి, అంటే మొదటి పంటకి, కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించారు, గిట్టుబాటు ధర లేదు, కూలి ఖర్చులు పెరిగిపోయాయి, డ్రెయిన్లు పూడిపోయి చేలు మునిగిపోతున్నాయి, ఎంత బాగా పండించినా అప్పే మిగులుతుంటే చేలు బీడు పెట్టేశారు. అన్నీ సరిగ్గా చేసి కూడా ఏమీ దక్కనివాళ్లు ఆదివారం పూట నాలుగు గంటలు ఆడుకోడానికి వస్తే, వాళ్లకి మళ్లీ "లోకం ఇంతే" అని చెప్పడానికి మనకేం హక్కుంది? వాళ్లకి మంచి చేస్తే మంచి జరిగే లోకం ఒకటి కావాలి, అది తప్పు కోరిక కాదు.

కాబట్టి బల్ల చుట్టూ ఎవరున్నారో చూసుకోండి. ఇంట్లో ఈమధ్యే ఎవరో పోయినవాళ్లు, పంట పోయినవాళ్లు ఆడుతుంటే నేను ఖరీదు బాగా తగ్గిస్తాను, ఎండింగ్ వెచ్చగా రాస్తాను. చిన్నపిల్లలకీ అంతే, నష్టం ఉండాలి గానీ అది వాళ్లు మోయగలిగినంతే ఉండాలి. కానీ వాళ్లకి కూడా బంగారు సంచీ పడెయ్యను. వాళ్లడిగే న్యాయంలో డబ్బు చివర్న ఉంటుంది, ముందుండేది ఒక మనిషి ఎదురుగా నిలబడి "ఆ రోజు మీరు చేసింది నేను చూశానండి" అనడం. బయట ఎవరూ అనని మాట అది. పాత్రకి ఒక పేరు, ఒక ఇల్లు, ఒక పని ఇచ్చి ఆ మాట అనిపించండి, అప్పుడు ఆ పెద్దాయన మొహం చూడండి.

ఎండింగ్ నచ్చలేదంటే

అప్పుడప్పుడు నచ్చదు. వెంటనే మార్చెయ్యకండి, అలాగని "నా కథ నా ఇష్టం" అని కూడా అనకండి. ముందు అడగండి, "ఏం జరగలేదని బాధ, లేకపోతే ఏం చూపించలేదని బాధ?" పదిలో ఎనిమిదిసార్లు చూపించలేదనే ఉంటుంది. అప్పుడు జరిగింది జరిగినట్టే ఉంచి, ఇంకో సీను కలపండి. ఎవర్ని కలవాలనుంది అని అడిగి, ఆ పాత్ర మీరే వేసి ఎదురుగా కూర్చోండి. ఇక్కడ డైస్ తియ్యనివ్వకండి, క్షమాపణ ఒప్పుకున్నారా లేదా అనేది పాచికలకి వదిలేసేది కాదు. మాట్లాడనివ్వండి, మీకు నోట్‌బుక్‌లో ఉన్నదాన్ని బట్టి జవాబు చెప్పండి. నిజంగానే ఏదో జరగాల్సింది జరగలేదని బాధైతే, అంటే మీరు ముందు చెప్పిన మాటకీ ఎండింగ్‌కీ పొంతన లేకపోతే, అది మార్చాల్సిందే, అందరి ముందూ చెప్పి మార్చండి. అదే రోజు చెయ్యండి, వచ్చే సెలవలదాకా ఆపితే అప్పటికి సగం మంది ఊళ్లో ఉండరు.